ఊదారంగు నీళ్ళు

సాహితి ఫోన్ చేసే వేళకు వాసవి పెరట్లోని రేకుల గదిలో ఉంది. తడిపిన గోనెపట్టాల మధ్య వేలాడుతున్న గడ్డిసంచుల నుంచి చిప్ప పుట్టగొడుగులు గుత్తులు గుత్తులుగా విచ్చుకున్నాయి. ఆమె ఒక్కో గుత్తినీ మొదట్లో పట్టుకుని మెల్లగా మెలితిప్పి తీస్తోంది. పక్కింటి రోషన్‌బీ వాటిని బుట్టలో సర్దుతూ ఎప్పుడూ అనే మాటే అంటోంది.

"నువ్వు తినవు, అన్న తినడు, వంటింట్లోకే రానియ్యవు. హిందూపురమంతా మాత్రం తినిపిస్తాండావు గదక్కా."

వాసవి నవ్వింది. వాళ్ళది మాంసం ముట్టని శెట్ల ఇల్లు. ఆ ఇళ్ళల్లో పుట్టగొడుగు కూరగాయల లెక్కలోకి రాదు. దాని చోటు మాంసం పక్కనే. ఈ పెంపకం మొదలుపెడతానన్నప్పుడు భర్త శరత్ పెట్టిన షరతు ఒకటే. గది వంటింటికి దూరంగా ఉండాలి, కాళ్ళూ చేతులూ కడుక్కోకుండా పొయ్యి దగ్గరికి రాకూడదు. ఇన్నేళ్ళలో వాసన చూసి అవి ఏ పూటకు కోతకు వస్తాయో చెప్పడం నేర్చుకుంది గానీ, వాటి రుచి ఎలా ఉంటుందో వాసవికి తెలియదు.

ఫోన్ మోగింది. సాహితి ఆమె అక్క నాగరత్న కూతురు. ధర్మవరం నుంచి చేస్తోంది.

"చిన్నమ్మా, ఈసారి గూడా అమ్మకు కీమో ఎక్కించలే" అంది.

నాగరత్నకు రొమ్ములో గడ్డ ఉందని ఎండాకాలంలో తెలిసింది. బెంగుళూరు ఆసుపత్రిలో వైద్యం. రెండు విడతలు మందు ఎక్కించారు. మూడో విడతకు వెళ్ళినప్పుడు రక్తపరీక్ష చేసి, కాలేయం సరిగా లేదని తిప్పి పంపారు. మళ్ళీ వెళితే మళ్ళీ అదే మాట. వచ్చే వారానికి కూడా కుదుటపడకపోతే ఆ మందే మానేయాల్సి వస్తుందన్నాడట డాక్టరు. అది మానితే గడ్డ సంగతేమిటని అడిగితే సమాధానం చెప్పలేదట. బావ అశ్వత్థప్ప పొద్దుటి నుంచి అన్నం ముట్టలేదని కూడా చెప్పింది సాహితి.

"ఇంకేమన్నా అడిగినాడా డాక్టరు?"

"ఇంట్లో నాటుమందులు, పొళ్ళు, కషాయాలు ఏమన్నా వాడతాండారా అని అడిగినాడు. ఏమీ లేవు, ఇంటి తిండే అని నాయన చెప్పినాడు. అమ్మ గూడా అదే చెప్పింది. ఇంట్లో అవ్వయితే మేం తిరిగొచ్చినాక ఆ మాటకే కోపం చేసుకుంది. మన ఇంట్లో ఏం పడితే అది తింటామనుకున్నాడా అని."

ఫోన్ పెట్టేశాక చూసుకుంటే వాసవి గుప్పిట్లో ఒక గుత్తి ముద్దయిపోయి ఉంది. ఆ ఇంటి తిండిలో ఏం కలిసిందో తెలిసినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ఒకరు తను. ఇంకొకరు పెనుకొండలో ఉన్న అమ్మ కామాక్షమ్మ.

*

పుట్టగొడుగుల పెంపకం నేర్చుకోవడానికి పోయిన శిక్షణలో ఆఖరి రోజు ఒక మేడమ్ గాజుగొట్టంలో ఊదారంగు నీళ్ళు పోసి చూపించింది. మన ఒంట్లో ఎప్పుడూ కొన్ని దుడుకు అణువులు పుడుతుంటాయని, అవి మంచి కణాలను కొరికి పాడుచేస్తుంటాయని, వాటిని అణిచే పదార్థాలను యాంటీఆక్సిడెంట్లు అంటారని, పుట్టగొడుగుల్లో అవి బాగా ఉంటాయని చెప్పింది. ఆ ఊదా నీళ్ళను దుడుకు అణువులు అనుకోమంది. వాటిలో పుట్టగొడుగుల రసం కొంచెం వేసింది. కాసేపటికి అందరి కళ్ళముందే ఊదారంగు పలచబడింది, తరవాత లేత పసుపు మిగిలింది. ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇది గొట్టంలో జరిగిన సంగతి, ఒంట్లో అచ్చం ఇట్లే జరుగుతుందని అనుకోవద్దని కూడా మేడమ్ అంది. ఆ మాట వాసవి విన్నది. విన్నది జారిపోయి, చూసింది మాత్రం నిలిచిపోయింది.

నాగరత్నకు మొదటి విడత అయ్యాక చూడటానికి ధర్మవరం వెళ్ళింది. అక్క నోటినిండా పుండ్లు. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులుగా ఊడి వచ్చింది. "ఆ మందు ఎర్రగా ఉంటాది వాసవీ. అట్ల దిగుతావుంటే విషం ఎక్కించుకుంటాండానని తెలుస్తానే ఉంటాది" అంది నాగరత్న. తిరుగు ప్రయాణంలో వాసవి పెనుకొండలో దిగి అమ్మ దగ్గర కూర్చుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఊదారంగు నీళ్ళ సంగతి కూడా చెప్పింది.

పుట్టగొడుగు పేరు వింటేనే మూతి తిప్పుకునే కామాక్షమ్మ ఈసారి దగ్గరికి జరిగింది. తరవాత అడిగింది. "అయితే ఆ ఎర్రమందు విషాన్ని గూడా అది విరుస్తుందా?"

"విరుస్తుందమ్మా" అంది వాసవి.

అంత గట్టిగా అనడానికి ఆమె దగ్గర ఆధారమేమీ లేదు. అక్క దువ్వెన ఒక్కటే కళ్ళముందు ఉంది.

పెట్టడమెట్లా అన్నదే సమస్య అయింది. ధర్మవరం ఇంట్లో పెత్తనం నాగరత్న అత్త లక్ష్మీదేవమ్మది. ఆమె మడి మనిషి. ఏకాదశికి ముందురోజే ఉల్లిపాయల బుట్ట మేడమీదికి ఎక్కించేస్తుంది. బయటి తిండి ఏదీ ఆమె గడప దాటదు. దాటేది ఒక్కటే, వియ్యపురాలి చేతి చెట్నీపొడి. నాగరత్న కాపురానికి పోయినప్పటి నుంచి పెనుకొండ నుంచి ఆ డబ్బా పోతూనే ఉంది. అది పుట్టింటి మర్యాద. అందులో ఏముందని ఏనాడూ ఎవరూ అడగలేదు. అడిగితే తప్పు కూడా.

వాసవి పుట్టగొడుగులు ఎండబెట్టి పొడి చేసి ఇచ్చింది. కామాక్షమ్మ పెరట్లో వేరే పొయ్యి పెట్టి, వేరే మిక్సీ గిన్నె తెప్పించి, ముక్కుకు కొంగు చుట్టుకుని శెనిక్కాయలు, కొబ్బరి, జీలకర్రతో కలిపి దాన్ని తిప్పింది. పుండ్ల నోరని కారం తగ్గించింది. డబ్బాకు మూతపెట్టి కూతురి చెయ్యి పట్టుకుంది.

"ఈ మాట మన ఇద్దరితోనే పోవల్ల. రత్నకు గూడా తెలియకూడదు. దానికి కడుపులో మాట దాగదు."

*

సాహితి ఫోన్ చేసిన రోజే, మధ్యాహ్నం ప్యాసింజరులో వాసవి పెనుకొండలో దిగింది. తమ్ముడి కిరాణా అంగడి వెనకే ఇల్లు. కామాక్షమ్మ చాటలో శెనిక్కాయలు ఏరుతోంది. వాసవి చెప్పుకొస్తుంటే ఆమె చేతులు ఆగలేదు. అంతా విన్నాక అడిగింది.

"పొడి వల్లనే అని డాక్టరు చెప్పినాడా?"

"డాక్టరుకు తెలిస్తే గదమ్మా చెప్పేది."

పొడి మొదలుపెట్టినాకే రత్న నాలుగు ముద్దలు తింటోంది కదా అంది కామాక్షమ్మ. నోటి పుండ్లు మానింది కూడా దానివల్లే కదా అంది. ఎంత కలుపుతున్నావని వాసవి అడిగింది. మొదట్లో ఒక చెంచా అని, రత్న నీరసమన్నప్పుడల్లా ఇంకొంచెం వేస్తూ వచ్చానని, ఇప్పుడు శెనిక్కాయలు ఎంతో అదీ అంతేనని కామాక్షమ్మ చెప్పింది.

"సగానికి సగమా? అంత పొడి నీకు యాడిది?"

"నువ్వే గదా పంపితివి. ప్రతిసారీ పోయినసారి కంటే పెద్ద సంచి పంపితివి."

అదీ నిజమే. అమ్మ అడగకుండానే పంపింది. పంపిన ప్రతిసారీ అక్కకు ఏదో చేస్తున్నానన్న తృప్తి కలిగింది. అమ్మ దాచిపెట్టుకుంటోందనుకుంది. ఎంత కలపాలో ఏనాడూ చెప్పలేదు, చెప్పడానికి తనకూ తెలియదు.

మొన్ననే కొత్త డబ్బా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపానని అమ్మ చెప్పగానే వాసవి లేచి నిలబడింది. ధర్మవరం పోయి చెప్పేస్తానంది. కామాక్షమ్మ చాట పక్కన పెట్టింది.

"చెప్తే ఏమైతాదో తెలుసునా నీకు? ఇంక నా చేతి నీళ్ళు గూడా ఆ గడప దాటనియ్యదు ఆమె. బిడ్డ అట్ల పడుంటే పోయి చేసేదానికి ఆ ఇంట్లో నాకు చోటు లేదు. వారం పది దినాలకొక డబ్బా. అంతే గదా నేను చేసేది. అది గూడా తీసేస్తే నేనేం జెయ్యల్ల?"

వాసవి గుమ్మం వైపు నడిచింది. చెప్పులు వేసుకుంటుంటే కామాక్షమ్మ వాకిట్లోకి వచ్చింది.

"చెప్పక తప్పదంటే నువ్వు పెట్టినావని చెప్పుకో. నా పేరు తియ్యద్దు" అంది. ఆ మాట అనేసి కూతురి ముఖంలోకి చూడలేక, కొంగుతో ఊరికే గడప తుడిచింది.

*

రైల్లో వాసవి ఒక దారి ఆలోచించుకుంది. లక్ష్మీదేవమ్మకు చెప్పనక్కర లేదు, సాహితి చేత డాక్టరుకు మాత్రం చెప్పించాలి. పొడి ఆపేస్తే సరిపోతుంది, ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ధర్మవరంలో దిగేసరికి ఆ ఆలోచన గట్టిపడి, ఊపిరి కొంచెం ఆడింది.

కింద పట్టుచీరల అంగడి, మీద ఇల్లు. మెట్లెక్కి వెళితే వంటింటి గుమ్మం దగ్గర లక్ష్మీదేవమ్మ పీట మీద కూర్చుని పొద్దుపోయిన భోజనం చేస్తోంది. కంచంలో రాగిముద్ద. పక్కన నూనె పోసి కలుపుకున్న చెట్నీపొడి.

"రా వాసవీ, కూచో. మీ అక్కకు మీ అమ్మ పొడి తప్ప ఇంకేదీ సయించడం లే. నాకు గూడా అదే అలవాటయిపాయ. ఏమేస్తాందో ఏమో, ఈ మధ్య రుచే వేరుగా ఉండాది" అని, ముద్దను పొడిలో అద్ది నోట్లో పెట్టుకుంది.

వాసవి చూపు ఆ కంచం మీదే ఆగింది. ఈ ఇంట్లో ఒక్కరికి పంపిన డబ్బాను ఒక్కరే తింటారని ఎందుకనుకుంది తను? మూడు పూటలా అక్క కంచంలోనే పడుతుందని అమ్మా అనుకుంది, తనూ అనుకుంది. గుమ్మంలో అట్లాగే నిలబడిపోయింది. ఎండన పడి వచ్చిందని పెద్దామె జాలిపడి, లోపలికి పొమ్మంది, తిన్నాక కాఫీ పెడతానంది.

నాగరత్న కిటికీ పక్క మంచం మీద పడుకుని ఉంది. తలకు మెత్తని నూలుగుడ్డ కట్టుకుంది. కళ్ళ తెల్లగుడ్లలో పసుపు కనిపించింది. సాహితి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని గోళ్ళు తీస్తోంది. వాసవి తలుపు దగ్గరికి వేసి వచ్చి మంచం అంచున కూర్చుంది. ఆ పసుపు కళ్ళు చూశాక, సాహితికి మాత్రమే చెప్పాలన్న ఆలోచన నిలవలేదు.

"అక్కా, అమ్మ పంపే పొడిలో పుట్టగొడుగుల పొడి ఉండాది. ఎర్రమందు విషం విరుగుతాదని కలిపినాం. నేనే ఇచ్చినా."

సాహితి చేతిలోని గోళ్ళకత్తెర ఆగిపోయింది. నాగరత్న చెల్లెలి వైపు తిరిగింది.

"నీ రేకుల గదిలో కాసేవా?"

"ఊ."

"నువ్వు తిన్యావా ఎప్పుడన్నా?"

"లే."

"నువ్వు తినంది నాకు పెట్టినావు."

గొంతులో కోపం లేదు. అందుకే వాసవికి భయం వేసింది. నాగరత్న కిటికీ వైపు తిరిగి మాట్లాడింది. "ఇంటి తిండి తప్ప ఏమీ తినలేదని డాక్టరు దగ్గర దేవుని మీద ఒట్టేసి చెప్పినా. నా నోటితో అబద్ధం చెప్పించినారు మీరిద్దరూ. నన్ను అడిగుంటే తినేదాన్నేమో వాసవీ. బతకల్లని ఎవరికుండదు? అడగల్ల గదా."

వాసవి ఆమె చెయ్యి పట్టుకోబోయింది. నాగరత్న చెయ్యి దుప్పటి కిందికి తీసుకుంది.

సాహితి అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేస్తోంది. నర్సు ఎత్తింది, డాక్టరు గారే చేస్తారంది. చేసేదాకా ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఫోన్ రాగానే సాహితి దాన్ని మంచం మీద పెట్టి అందరికీ వినిపించేలా నొక్కింది. డాక్టరు కన్నడంలో మాట్లాడాడు. ఆ ఇంట్లో అందరికీ అర్థమయ్యే భాషే.

ఆయన తిట్టలేదు. ఎన్నాళ్ళ నుంచి, రోజుకు ఎంత అని అడిగాడు. వాసవి చెప్పగలిగింది చెప్పింది. కాలేయం దెబ్బతిన్నది ఈ పొడి వల్లనా, తమ మందు వల్లనా, రెండూ కలిసినందుకా అన్నది తాను చెప్పలేనన్నాడు. పుట్టగొడుగుల మీద తనకు కోపమేమీ లేదన్నాడు. ఎప్పుడన్నా కూరగా వండుకుంటే అది తిండి. ఎండబెట్టి, పొడి కొట్టి, రోగం కోసమని రోజూ పెడితే అది మందు. తమకు చెప్పకుండా ఇచ్చిన మందు.

వాసవి ఉండబట్టలేక అడిగింది. "అందులో విషాన్ని విరిచే గుణం ఉండాదని శిక్షణలో చూపించినారు సార్. రంగు నీళ్ళు మా కళ్ళముందే విరిగిపాయ."

"గొట్టంలో విరగడం నిజమే అమ్మా. ఒంట్లో ఎంత జరుగుతుందో ఎవరికీ సరిగ్గా తెలియదు. జరుగుతుందనే అనుకుందాం. ఆ ఎర్రమందు విషమే. గడ్డను చంపడానికే దాన్ని ఎక్కిస్తున్నాం. దాన్ని మీరు విరిచేస్తే ఇంక గడ్డను చంపేది ఏది?"

ఫోన్ ఆగిపోయాక కూడా వాసవి దాన్నే చూస్తూ కూర్చుంది. ఊదారంగు పలచబడటం, పసుపు మిగలడం, అందరూ చప్పట్లు కొట్టడం. ఇన్నాళ్ళూ అక్క ఒంట్లో అదే జరగాలని కోరుకుంది. ఏ రంగు చెరిగిపోవాలని కోరుకుంటున్నదీ ఒక్కసారన్నా ఆలోచించలేదు.

తలుపు తెరిచి ఉంది. లక్ష్మీదేవమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో కాఫీ గ్లాసు. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు.

"నేను తినిందీ అదేనా?"

అవునత్తా అంది వాసవి. ఆ రెండు మాటలు అనడానికి ఆమె లేచి నిలబడింది.

"మీ అమ్మకు తెలుసునా?"

నాగరత్న కిటికీ వైపు నుంచి తల తిప్పింది. పెనుకొండ వాకిట్లో గడప తుడుస్తున్న అమ్మ వాసవి కళ్ళల్లో మెదిలింది.

"తెలీదత్తా. అమ్మ చేసిపెట్టిన పొడిలో నేనే కలిపినా. అమ్మకు తెలిస్తే ఒప్పుకోదని చెప్పలే."

లక్ష్మీదేవమ్మ ఆమెను కిందినుంచి మీదికి చూసింది. నలభై ఏళ్ళుగా పొళ్ళు కొట్టిన మనిషి. కలిపింది ఎవరో, తిప్పింది ఎవరో ఆమెకు తెలియకుండా ఉండదు. అయినా ఆ మాటను అట్లాగే ఉండనిచ్చింది.

కాఫీ గ్లాసు పట్టుకునే వెనక్కి వెళ్ళిపోయింది. కాసేపటికి స్నానాల గదిలో నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. చెంబు తరవాత చెంబు. ఎంతకీ ఆగలేదు. సాహితి లేవబోతే నాగరత్న వద్దన్నట్టు తల ఊపింది. ఆ చప్పుడు వింటూ ఆమె కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారుతున్నాయి.

లక్ష్మీదేవమ్మ తడిజుట్టుతోనే వంటింట్లోకి వెళ్ళింది. పొడి డబ్బాను ఒక సంచిలో పెట్టి మూతి ముడివేసి, తెచ్చి వాసవి కాళ్ళ దగ్గర పెట్టింది. రాగి అంబలి కాచి గిన్నెతో తెచ్చుకుని కోడలి పక్కన కూర్చుంది.

"లే రత్నా. వేడి మీదనే తాగు."

నాగరత్న లేవలేదు. "నేను తెలిసి తినలే అత్తా."

"నేను మాత్రం తెలిసి తిన్యానా? లెయ్."

కోడలు తాగుతుంటే గిన్నె కింద చెయ్యి పట్టుకుని, వాసవి వైపు చూడకుండా మాట్లాడింది. "ఈ సంగతి మా వానికి నేను చెప్పుకుంటా. ఇంక పొడి పంపద్దని మీ అమ్మకు చెప్పు. పంపాలనిపిస్తే పండ్లు పంపమను. తొక్కతో ఉండేవి."

ఆ రోజు వాసవికి కాఫీ ఎవరూ ఇవ్వలేదు. సంచి తీసుకుని మెట్లు దిగుతుంటే అంగడిలో గిరాకీకి చీర విప్పి చూపిస్తున్న బావ తలెత్తి, అప్పుడే పోతాండావేమ్మా అని పలకరించాడు. ఆయనకు ఇంకా ఏమీ తెలియదు. వాసవి తల ఊపి రోడ్డు మీదికి వచ్చేసింది. స్టేషను దాకా నడిచింది. దారిలో అమ్మ ఫోన్ వచ్చింది.

"డబ్బా చేరిందా?"

"చేరింది. ఇంక పంపద్దు. పండ్లు పంపమన్నారు."

కామాక్షమ్మ గొంతు తగ్గించింది. "నా పేరు తీసినావా?"

"లే."

"రత్న ఏమన్నా తినిందా?" అని అడిగింది కామాక్షమ్మ. ఇంకేం అడగలేదు.

*

తరవాతి పరీక్షలో కాలేయం కొంచెం కుదుటపడింది. పొడి మానినందుకో, మధ్యలో రోజులు గడిచినందుకో డాక్టరు చెప్పలేదు. మందు మోతాదు కొంత తగ్గించి ఎక్కిస్తామన్నాడు. ఈ ఆలస్యం వల్ల గడ్డ ఏమయిందన్నది ముందుముందు తెలుస్తుందన్నాడు.

మందు ఎక్కించే రోజు వాసవి పెనుకొండలో ఉంది. కామాక్షమ్మ ధర్మవరానికి పంపే బత్తాయిలు, వాళ్ళ మాటలో చీనీకాయలు, ఏరుతోంది. మచ్చ ఉన్నవి, తొడిమ ఊడినవి పక్కన పడేస్తోంది. ఒక్కో కాయనూ తిప్పి తిప్పి చూసి బుట్టలో పెడుతోంది. ఎక్కడన్నా తొక్క చీలి ఉంటే, అందులో ఏదో కలిపారని అనుకుంటారేమోనన్నంత జాగ్రత్తగా. పెరట్లో వేరే పొయ్యి రాళ్ళు ఇంకా అట్లాగే ఉన్నాయి.

సాహితి వీడియో కాల్ చేసింది. అక్కతో మాట్లాడతానంది వాసవి. సాహితి పక్కకు చూసి, అమ్మ తరవాత మాట్లాడుతుందంట చిన్నమ్మా అంది. ధర్మవరం నుంచి వచ్చినప్పటి నుంచి అదే మాట. దిగులుపడుతుందని కాబోలు, ఆ పిల్ల ఫోన్ తిప్పి మందు సీసాను, దానికింది గొట్టాన్ని చూపించింది. మంచం మీద దుప్పటి బయట నాగరత్న చెయ్యి మాత్రం కనిపించింది.

నర్సు ఏదో తిప్పింది. గొట్టంలో ఎరుపు మొదలయింది. గాజులాంటి గొట్టం వెంట ఆ రంగు మెల్లగా కిందికి జారుతూ వచ్చింది. కామాక్షమ్మ చీనీకాయ చేతిలో పట్టుకునే కూతురి భుజం మీదుగా వంగి చూసింది. అంత ఎర్రగా ఉంటుందా అంది. రంగు పలచబడుతోందా అని వాసవి కళ్ళు ఆర్పకుండా చూస్తోంది. పలచబడకూడదు. చుక్క కూడా విరగకుండా అంత ఎరుపూ అక్క ఒంట్లోకి పోవాలి. గొట్టం చివరన, సూది గుచ్చిన చేత్తో, నాగరత్న దుప్పటి అంచును గట్టిగా పట్టుకుంది.